ఖాళీ ఊళ్లో పదకొండు పొయ్యిలు

"మండలానికి తూర్పున సముద్రం, పడమర పెద్ద రోడ్డు, ఉత్తరాన ఉప్పుటేరు, దక్షిణాన పక్క మండలం పొలాలు" అని మొదలయ్యే ఒక పేజీని నేను తొమ్మిదేళ్లు రాశాను. రాశాను అనడం కొంచెం ఎక్కువ. తొమ్మిదేళ్లు ఎక్కించాను. పోయినేడాది పేజీ ఎడమ పక్కన, కొత్త కాగితం కుడి పక్కన. కళ్లు అటు, చెయ్యి ఇటు. నాకు ముందున్నాయన అదే చేశాడు. ఆయనకు ముందున్నాయన కూడా అదే చేసి ఉంటాడు, లేకపోతే ఆ పేజీ అంత చక్కగా మా దాకా వచ్చేది కాదు.

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఏదైనా అనుభవం రాసివ్వమన్నారు. ఈసారి జనాభా లెక్కలు కాగితం మీద కాదట, ఫోన్లోనేనట. మంచిదే. ఫోను గురించి మీకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. నేను చెప్పగలిగింది ఒక సున్నా గురించి. ఆ సున్నా నేనే వేశాను. అది తప్పు కాదు. అయినా పదేళ్ల పైచిలుకు నన్ను నిద్రపోనివ్వలేదు.

నా ఉద్యోగం మండల గణాంకాధికారి. మా ఆవిడ తరఫు వాళ్లకు నేను రిటైరయ్యే దాకా ఆ పనేమిటో అర్థం కాలేదు. "అంటే తాసిల్దారు కింద ఏదో లెక్కలు రాస్తాడు" అని సర్దుకున్నారు. నిజానికి అంతకన్నా బాగా నేనూ చెప్పలేను. పొద్దున్నే ఆఫీసు వెనకాల వర్షమాపకంలో నీళ్లు కొలవాలి. కోతల కాలంలో పొలంలో కొలత వేసి, ఆ కాస్త ముక్కా కోయించి, దిగుబడి తూచాలి. ఏడాదికోసారి మండలం గురించిన పుస్తకం తయారు చేయాలి. ఊళ్లెన్ని, మనుషులెంతమంది, ఏ నేల, ఏ పంట, చెరువులెన్ని, బళ్లెన్ని, అన్నీ అందులో ఉంటాయి. నేను చెప్పిన పేజీ దానికి మొదటి పేజీ.

ఆ పుస్తకంలో "పడవ రేవులు: ఒకటి" అని ఉండేది. ఉప్పుటేరు మీద వంతెన పడి నేను ఉద్యోగంలో చేరకముందే చాలా ఏళ్లయింది. పడవా లేదు, రేవూ లేదు. చేరిన కొత్తలో నాకు రక్తం వేడిగా ఉండి, దాన్ని కొట్టేయబోయాను. మా ఆఫీసు అటెండరు, నాకన్నా పదిహేనేళ్లు పెద్దవాడు, నా భుజం మీదుగా చూసి, "సార్, ఉంచితే ఎవురూ అడగరు. తీసేస్తే ఎందుకు తీసినావని అడగతారు" అన్నాడు. ఉద్యోగం మొత్తంలో నాకు ఎవరైనా పని నేర్పారంటే ఆయనే. రేవు ఉండిపోయింది.

ఇక ఆ ఊరి సంగతి. మా మండలంలో పదిహేడు రెవెన్యూ గ్రామాలు. పదిహేడోది సముద్రం వైపు చివర, ఉప్పుటేరు మలుపులో ఉండేది. పేరు చెప్పను. ఒకప్పుడు అక్కడ మొలగొలుకుల వడ్లు పండేవని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. తర్వాత చుట్టూ రొయ్యల గుంటలు తవ్వారు. ఉప్పు నీరు ఊటెక్కింది. ముందు వరి కొనలు ఎర్రబారాయి, తర్వాత బావి నీళ్లు చప్పరించి ఉమ్మేసేలా అయ్యాయి. ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది. అందరూ నాలుగు కిలోమీటర్లు పడమరగా, రోడ్డు పక్కన ప్రభుత్వం ఇచ్చిన కాలనీకి చేరారు. పోతూ పోతూ దూలాలు, తలుపులు పీక్కుపోయారు. గోడలు మాత్రం పీక్కుపోవడానికి కుదరలేదు.

వాళ్లు తీసుకుపోలేనివి ఇంకో రెండున్నాయి. ఒకటి పెంకుల కప్పు ప్రార్థన మందిరం. ఆ ఊరు మొత్తం క్రైస్తవులే. రెండోది మందిరం వెనక ఇసక దిబ్బ మీద సమాధుల తోట. ఆదివారం ప్రార్థన కాలనీలోనే కొత్త రేకుల షెడ్డులో జరిగేది. కానీ ఎవరైనా పోతే మాత్రం ఇక్కడికే మోసుకొచ్చేవాళ్లు. ఈస్టరు పొద్దున కూడా ఇక్కడికే వచ్చేవాళ్లు. రావడానికి గుంటల మధ్య తూర్పుకు సాగే కట్ట మీద, తూర్పు కట్ట అనేవాళ్లు దాన్ని, ఒక కాలిదారి ఉండేది, ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవగలిగేంత.

నేను చెప్పబోయేది ఇంతకు ముందు జరిగిన జనాభా లెక్కల సంగతి. అవి రెండు విడతలు. ముందు ఇళ్లు రాసుకోవాలి, కొన్ని నెలల తర్వాత మనుషుల్ని రాసుకోవాలి. ఇల్లిల్లూ తిరిగి రాసేది బడిపంతుళ్లు. వాళ్ల వెనకాల తిరిగి తప్పులు దిద్దేది నేను. ఆ చివరి ఊరు ఎవరికి పడిందంటే, పక్క ఊరి బడిలో పనిచేసే ఒక లావుపాటి పంతులుకి. నవ్వకుండా ఒక్క మాట మాట్లాడటం ఆయనకు రాదు. ఆయన గొప్ప ఏమిటంటే నక్షా. ఇళ్లు ఎక్కడున్నాయో గీయమంటే ఆయన చెట్లు, బావులు, అరుగులు, గడ్డివాములు అన్నీ గీసేవాడు. ఒక నక్షాలో మేకలు కూడా ఉన్నాయి.

"మేకలెందుకయ్యా ఇందులో?" అన్నాను.

"ఉండాయి గద సార్," అన్నాడు.

చెరిపించాను. ఆయన చిన్నబుచ్చుకున్నాడు గాని చెరిపాడు.

ఇళ్లు రాసే విడతలో ఆ ఖాళీ ఊరికి ఇద్దరం కలిసి వెళ్లాం. రాయడానికి ఏముంది, మొండిగోడలు తప్ప. పంతులు కూర్చుని మందిరాన్ని, బావిని, కట్ట మీది దారిని, సమాధుల్ని కూడా ఒక్కొక్కటే గీసుకుంటున్నాడు. సమాధుల మధ్య ఒక పెద్దావిడ కొడవలితో గడ్డి కోస్తోంది. అరవై దాటిన మనిషి. తెల్లచీర, చెవులకు ఏమీ లేవు, ఎండకు నల్లబడిన చేతులు. భర్త అక్కడే ఉన్నాడు. చిన్నప్పుడే పోయిన బిడ్డ ఒకతె కూడా అక్కడే ఉంది. వారానికోసారి కాలనీ నుంచి నడిచొచ్చి శుభ్రం చేసిపోతుందని తర్వాత తెలిసింది.

"వందనాలు సారూ. ఏం రాసుకుంటుండారు?" అంది.

"జనాభా లెక్కలు పెద్దమ్మా. ముందు ఇళ్లు రాస్తున్నాం," అన్నాను.

"మాయి రాసినారా?"

"ఇళ్లెక్కడున్నాయి పెద్దమ్మా? గోడలేగా."

"గోడలుండాయి గదా. అదో, ఆ గోడ నాది. నాలుగు పక్కలా నిలబడే ఉండాది."

అప్పుడు నేను నా పాఠం ఎత్తుకున్నాను. పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి. అంతకు వారం ముందే మండలంలో పంతుళ్లందరికీ శిక్షణ తరగతిలో నేను పాఠం చెప్పాను. కుటుంబం అంటే ఏమిటో పుస్తకంలో అరపేజీ ఉంటే, నేను ఒక్క మాటలో తేల్చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఆ మాటే ఈమెకూ చెప్పాను.

"గోడలుంటే ఇల్లు కాదు పెద్దమ్మా. పొయ్యి ఉండాలి. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. పొయ్యి వెలిగితేనే మా లెక్కలో ఇల్లు."

"పొయ్యి లేకపోతే?"

"ఎవరూ లేరని రాస్తాం. అట్లాంటి ఊరిని బేచిరాకు అంటారు మా కాగితాల్లో."

"అంటే ఏంది సారూ?"

"దీపం పెట్టేవాళ్లు లేని ఊరని."

చాలా తేలిగ్గా అన్నాను ఆ మాట. ఆమె కొడవలి పక్కన పెట్టి కాసేపు గోడల వైపు చూసింది. "మళ్లీ ఎప్పుడొస్తారు?" అని మాత్రం అడిగింది. ఫిబ్రవరిలో మనుషుల్ని లెక్కపెట్టడానికి వస్తామని చెప్పాను. ఎందుకు అడుగుతోందని నాకు అనుమానం కూడా రాలేదు.

ఫిబ్రవరి వచ్చింది. ఒకరోజు పొద్దున ఆఫీసులో వర్షమాపకం దగ్గర నిలబడి, వాన లేని రోజున కూడా వేయాల్సిన సున్నా వేస్తున్నాను. పంతులు ఫోను చేశాడు. నవ్వు లేకుండా ఆయన గొంతు వినడం అదే మొదటిసారి.

"సార్, ఆ ఖాళీ ఊళ్లో పొగ లేస్తా ఉండాది. మీరు రావాల."

ఏదో అంటుకుందనుకుని బండి తీశాను. తూర్పు కట్ట మీదికి ఎక్కేసరికి కనపడింది. నిజంగానే పొగ. ఒకటి కాదు, పదకొండు చోట్ల. ఒక్కో ఇంటి మొండిగోడల మధ్య మూడు రాళ్లు, వాటి మీద కుండ. ఒక్కో కుటుంబం తన ఇంట్లో తను నిలబడి ఉంది. కప్పు లేదు, నేల మాత్రం ఊడ్చి నీళ్లు చల్లారు. ఒకామె తలుపు ఉండాల్సిన చోట చీర కట్టింది. ఇంకొకామె గుమ్మం పక్క గోడకు ఒక వారన సున్నం కూడా వేసింది. పిల్లలు బడి బట్టల్లో, సంచులు తగిలించుకుని ఉన్నారు. లెక్క అయిపోగానే బడికి పోవాలి మరి. మగవాళ్లు ఆ రోజు పని మానుకుని వచ్చారు.

పెద్దావిడ తన నాలుగు గోడల మధ్య నిలబడి గంటె పైకెత్తి చూపించింది.

"పొయ్యి వెలిగితే ఇల్లన్నారు గదా సారూ. చూసుకోండి. పదకొండు."

వీళ్లు దొంగలెక్క రాయించుకోవడానికి రాలేదు. నేను చెప్పిన చట్టాన్ని పాటించడానికి వచ్చారు. చప్పట్ల కోసం నేను కుదించిన అరపేజీలో మిగతా సగం ఉంది. ఆ పొయ్యి రోజూ వెలగాలి, ఆ మనిషి అక్కడ మామూలుగా నివసించాలి అని. ఆ సగం నేను వాళ్లకు చెప్పలేదు.

"ఎందుకమ్మా ఇదంతా?" అన్నాను.

చెప్పింది ఆమె కొడుకు. నలభై ఏళ్ల మనిషి, అక్కడి గుంటల్లోనే కాపలా పని. "గుంటల ఆసామి అర్జీ పెట్టుండాడు సార్. ఈడ ఊరు లేదు, మనుషుల్లేరు, ఈ ఊరి స్థలం నాకు లీజుకియ్యండి అని. లేరని మీరు గూడా రాసినారంటే వాడి మాటకు బలం. వాడు ఈ కట్ట కూడా కలిపి తవ్వతాడు. కట్ట పోతే దారి పోద్ది. మా అమ్మ పోతే యాడికి మోసుకుపోవాల?"

తల్లిని పక్కన పెట్టుకుని ఆ మాట అంత మామూలుగా అన్నాడు. ఆమె కూడా అది ధర గురించో వాన గురించో అన్నట్టు తలూపింది.

పంతులు నన్ను మందిరం పక్కకు లాక్కెళ్లాడు. "రాసేద్దాం సార్. రాస్తే ఎవరి సొమ్ము పోద్ది?"

అబద్ధం చెప్పను, నాకూ రాసేయాలనే అనిపించింది. కానీ పోయేది ఉంది. కాలనీకి మంచినీళ్ల ట్యాంకు కావాలని వాళ్లే రెండేళ్లుగా తిరుగుతున్నారు. ట్యాంకు వచ్చేది తలల లెక్క మీద. ఈ పదకొండు ఇళ్ల మనుషుల్ని ఇక్కడ రాస్తే అక్కడ తగ్గిపోతారు. ఆ సంగతి వాళ్లకు దాచకుండా చెప్పాను. చీర గుమ్మంలో నిలబడ్డ చిన్న కోడలు, చంకలో బిడ్డతో, పెద్దావిడ వైపు తిరిగి మెల్లగా, "నీళ్లు కావాలత్తా" అంది. మూడు మైళ్లు బిందెలు మోసేది ఆమె.

పెద్దావిడ గంటెను కుండలో పెట్టింది.

"సరే. పిల్లలోళ్లనంతా ఆడనే రాసుకోండి. నన్నొక్కదాన్ని ఈడ రాయండి. ఒక్కరుంటే చాలదా సారూ?"

"ఒక్కరున్నా చాలు పెద్దమ్మా. అప్పుడది బేచిరాకు కాదు," అన్నాను. అది నిజం. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. పంతులు అప్పటికే ఫారం తీసి తొడ మీద పెట్టుకున్నాడు. ఇంకా ఏమీ రాయలేదు, కానీ రాసినంత సంతోషంగా ఉన్నాడు.

ఫారంలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అడగకుండా రాసి ఉండొచ్చు. చాలామంది అడగరు. ఆ రోజు ఎందుకు అడిగానో ఇప్పటికీ నాకు తెలియదు. బహుశా ఆమె అబద్ధం చెబితే ఆ పాపం ఆమె మీదికి పోతుంది, నేను శుభ్రంగా ఉంటాను అనుకున్నానేమో. అంత గొప్పవాణ్ణి నేను. ఆమెకు తేలిగ్గా ఉంటుందని తల కూడా దించుకుని అడిగాను.

"పెద్దమ్మా, ఈ ఆరు నెలలుగా ఎక్కడుంటున్నావు?"

పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చప్పుడు ఒక్కటే వినపడుతోంది. తలెత్తి చూస్తే ఆమె నా వైపు చూడటం లేదు, మందిరం వైపు చూస్తోంది.

"కాలనీలో," అంది.

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"మందిరం ముందర నిలబడి ఎట్ట చెప్పేదిరా అబద్ధం?"

పంతులు పెన్ను మూత పెట్టేశాడు. ఆమె నా దగ్గరికి వచ్చి నిలబడింది. కోపం లేదు ఆ మొహంలో. కోపం ఉంటే నాకు బాగుండేది.

"నేను అబద్ధం చెప్పలా. నువ్వు అబద్ధం రాయలా. ఇద్దరం మంచోళ్లమే. మరి మా దారి పోతే తప్పు ఎవురిది నాయనా?"

ఫారంలో ఆ ఊరికి ఎదురుగా సున్నా వేశాను. వేసేటప్పుడు ఆమె వంగి చూసింది. చదువు రాదు గాని సున్నా తెలుసు.

"కూడు ఉడికిపోయింది. తిని పో, సున్నా సారూ," అంది.

తిన్నాం. వద్దనే మొహం లేదు. వేడన్నం, మడవ చేపల పులుసు. అంత రుచి ఎరగను, అంత కష్టంగా మింగిందీ ఎరగను. తర్వాత వాళ్లు ఒక్కో పొయ్యిలో చెంబెడు నీళ్లు పోసి ఆర్పారు. కుండలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని ముందు నడిపించుకుని, కట్ట మీద వరసగా పడమరకు వెళ్లిపోయారు. చీర కట్టినామె చీర విప్పుకుని మడిచి తీసుకుపోయింది.

ఆ పేరు నాకు అతుక్కుపోయింది. కాలనీ దగ్గర టీ బంకులో నేను ఆగితే, "సున్నా సారుకు టీ" అనేవాళ్లు. ఎగతాళి కూడా కాదు అది, మామూలుగా పిలవడమే. అందుకే ఇంకా బాధ. కొన్నాళ్లకు ఆ రోడ్డు మానుకుని చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాను. పంతులు మాత్రం, "మనం చేసింది రైటే సార్" అనేవాడు. అన్నప్పుడల్లా నవ్వబోయి ఆగిపోయేవాడు.

ఆ ఎండాకాలం మళ్లీ పుస్తకం ఎక్కించే రోజులొచ్చాయి. ఎడమ పక్కన పాత పేజీ, కుడి పక్కన కొత్త కాగితం. పదహారు ఊళ్లు ఎక్కించాను. పదిహేడోదాని దగ్గర చెయ్యి ఆగింది. "బేచిరాకు" అని రాయాలి. రాశాను. దాని పక్కన "విశేషాలు" అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఎవరూ ఏదీ రాసిన పాపాన పోలేదు. బీరువాలోంచి పంతులు గీసిన నక్షా తీశాను. మందిరం ఉంది, బావి ఉంది, కట్ట మీద దారి ఉంది, సమాధులు ఒక్కొక్కటీ ఉన్నాయి. మేకల్ని చెరిపించాను గాని, అదృష్టం, వీటిని చెరిపించలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. కట్ట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచాను. దిబ్బ మీద గడ్డి అప్పుడే కోసి ఉంది. ఆఫీసుకొచ్చి ఆ గడిలో రాశాను: "నివాసం లేదు. ప్రార్థన మందిరం, సమాధుల తోట వాడుకలో ఉన్నాయి. వాటికి తూర్పు కట్ట మీదుగా కాలిదారి ఉంది." ఇంతే. తొమ్మిదేళ్లలో నా కళ్లతో చూసి ఆ పుస్తకంలో రాసింది ఇదొక్కటే.

అదే ఊపులో పడవ రేవు కూడా తీసేద్దామనుకున్నాను. మళ్లీ భయమేసింది. ఒకే ఏడాది రెండు మార్పులంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. రేవును ఉంచేశాను.

మా పెద్దసారు సంతకం పెట్టబోతూ కలం గాల్లో ఆపి, "పోయినేటిదే గదయ్యా?" అన్నారు.

"అదే సార్," అన్నాను.

ఆ ఊళ్లో ఒక ముసలమ్మ చెప్పలేని అబద్ధం నేను ఫ్యాను కింద నిలబడి కన్నార్పకుండా చెప్పాను. ఆయన సంతకం పెట్టారు. మరుసటేడు నాకు బదిలీ అయింది. ఆ మూడు వాక్యాల వల్ల ఏదో ఒరుగుతుందని నేనేమీ అనుకోలేదు. చేతనైంది అదొక్కటే అనుకుని చేతులు దులుపుకున్నాను. ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

ఏళ్లు గడిచాయి. ఇంకో రెండు మండలాలు తిరిగాను, రిటైరయ్యాను, నెల్లూరులో కుదురుకున్నాను. పంతులు పోయాడని ఎవరో చెబితే తెలిసింది. ఆయన మేకల్ని చెరిపించినందుకు ఇప్పటికీ నాకు చిన్నతనంగా ఉంటుంది. ఉన్నాయి గదా మరి.

ఈమధ్య ఒకరోజు ఒక అమ్మాయి ఫోను చేసింది. ఆ మండలంలో ఇప్పుడు నా కుర్చీలో ఉన్నది తనే.

"సార్, ఆ చివరి ఊరి గురించి విశేషాల్లో మూడు వాక్యాలుండాయి. పాతవన్నీ తిరగేస్తే మీ చేతిరాతతో మొదలైనాయి. మీరేనా సార్?"

ఏం తప్పు బయటపడిందో అనుకున్నాను. నేనేనన్నాను.

"లీజు అర్జీ ఎటూ తేలకపోతే, రెండేళ్ల కిందట గుంటలాయన కట్టకు అడ్డంగా కంచె వేసినాడంట సార్. కాలనీవాళ్లు అర్జీ పెట్టినారు. విచారణకొచ్చిన ఆఫీసరు మండలం పుస్తకాలన్నీ తెప్పించినారు. ఏ ఏడాది పుస్తకం తీసినా అవే మూడు వాక్యాలు. ఇన్నేళ్లుగా ప్రతి ఏడూ పరిశీలించి, దారి వాడుకలో ఉందని గవర్నమెంటే రాస్తా ఉంటే ఎట్ట మూస్తావని కంచె తీయించేసినారు."

"ప్రతి ఏడూ పరిశీలించారా?" అన్నాను.

ఆ పిల్ల కొంచెం తడబడింది. "మీ తర్వాత ముగ్గురు మారినారు సార్. ఒక్కరూ ఆ ఊరు పోయినట్టు లేదు. ఎక్కించినారు."

దగ్గొచ్చేదాకా నవ్వాను. ఉద్యోగమంతా ఏ అలవాటుకు సిగ్గుపడ్డానో అదే, ఎవరూ చదవకుండా, ఎవరూ ఆలోచించకుండా, ఆ దారిని ఏడాది తర్వాత ఏడాది మోసుకొచ్చింది. మా అటెండరు బతికుంటే ఆయన కాళ్లకు దండం పెట్టేవాణ్ణి. ఉంచితే ఎవరూ అడగరన్నాడు. పడవ రేవు ఇంకా ఉందా అని అడిగాను. ఉందట.

"నేను మాత్రం చూడకుండా ఎక్కించను సార్. ఎటూ ఈ లెక్కల్లో ఇళ్లు రాయడానికి పోవాల. మీరు కూడా వస్తారా?" అంది.

వెళ్లాను. అల్లూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆ అమ్మాయి స్కూటీ వెనక. గుంటలు ఇప్పుడు మూడు పక్కలా ఊరిని ఆనుకుని ఉన్నాయి. మొండిగోడలు మోకాలెత్తు కూడా లేవు. మందిరానికి కొత్త రేకులు వేశారు. కట్ట మాత్రం చెక్కు చెదరలేదు. దాని మీద ముళ్లకంప కొట్టేసి, నడిచేంత మేర శుభ్రంగా ఊడ్చి ఉంది.

మందిరం మెట్ల మీద కూర్చున్న నెరిసిన తల మనిషి మమ్మల్ని చూసి లేచాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"సున్నా సారు గదా?" అన్నాడు. పెద్దావిడ కొడుకు.

"అమ్మ ఎట్లా ఉంది?" అన్నాను.

అతను గడ్డంతో దిబ్బ వైపు చూపించాడు. సిమెంటు ఇంకా నల్లబడని సమాధి ఒకటి. "పోయిన చలికాలంలో సార్. ఈ దారమ్మటే తెచ్చినాం. ఊరంతా వచ్చినారు."

అతనే చెప్పుకుపోయాడు. కంచె తీసేయాలన్న కాగితాన్ని కాలనీలో చదివి వినిపించారట. అందులో ఆ మూడు వాక్యాలు ఉన్నాయట. అవి ఎవరు రాశారని ఆమె అడిగిందట. మొదట రాసిన ఏడాదిని బట్టి, పాత సారు, ఆ లెక్కలప్పుడు వచ్చినాయన, అని ఎవరో చెప్పారట.

"సున్నా సారా! అని ఒకటే నవ్వు సార్ మా అమ్మ. అన్నేళ్లు మిమ్మల్ని తిట్టింది గదా. ఇంక అప్పుడొక మాట అనింది. 'మళ్లీ లెక్కలొచ్చేటప్పటికి నేను ఆడే ఉంటాన్రా. ఇంక యాడికీ పోను. ఆ సారును వచ్చి అడగమను, యాడుంటుండావు పెద్దమ్మా అని. ఈసారి అబద్ధం లేకుండా చెప్తా' అని."

ఏడ్చాను. అరవై దాటిన మనిషిని, పరాయి ఊళ్లో, చిన్నపిల్ల ముందు ఏడ్చాను. ఆ అమ్మాయి ఫోను పట్టుకుని నా వైపే చూస్తోంది. తెరమీద ఊరి పేరు, పక్కన ఖాళీ గడి.

"సార్, ఏం వేయమంటారు?"

"సున్నా వెయ్యమ్మా," అన్నాను. "అదే నిజం."

వేసింది. తర్వాత తను మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి మండలం పుస్తకం తీసి, మందిరాన్ని చూసి, కట్టను చూసి, దిబ్బను చూసి, విశేషాల గడిలో రాయడం మొదలుపెట్టింది. తొంగి చూశాను. అవే మూడు వాక్యాలు. ఎక్కించలేదు, చూసి రాసింది.

నేను దిబ్బ ఎక్కాను. గడ్డి కోసి ఉంది. ఎవరు కోస్తున్నారో అడగలేదు. ఆ సమాధి దగ్గర నిలబడి, ఈసారి తల దించుకోకుండా, ఆ రోజు అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాను.

"ఎక్కడుంటున్నావు పెద్దమ్మా?"